మర్యాదకి వేసిన ఓటు

కార్డినల్ గారింటి పనిమనిషి ఒర్సోలా గుమ్మానికి అడ్డంగా నిలబడి అరుస్తూనే ఉంది. జనం ఆమె చంకల కిందుగా లోపలికి దూరుతూనే ఉన్నారు.

"మా అయ్యగారు ఇంకా పోప్ కాలేదర్రా! కోట మీద ఫిరంగి పేలిందా? పేలలేదుగా!"

"పేలుతుందిలే అక్కా. పేలేదాకా ఆగితే మాకేం మిగుల్తుంది?" అన్నాడు పక్కవీధి చేపల నార్దో, కార్డినల్ గారి పరుపు చుట్టి భుజాన వేసుకుంటూ.

రోమ్‌లో అంతే. కార్డినల్ ఒకాయన పోప్ అయ్యాడంటే ఆయన పాత ఇంట్లో సామానంతా ఊరిది. దాన్ని దోపిడీ అంటే ఊరికి కోపం వస్తుంది, ఆనవాయితీ అనాలి. కొత్త పోప్‌ని ఎన్నుకోమని కార్డినళ్ళందరినీ లోపల పెట్టి తాళం వేశారు కదా, ఎవరు గెలుస్తారోనని బయట వంతెన దగ్గర పందేలు. పీఠం ఈ ఇంటి అర్దిచీనో గారికేనని పందెంరాయుళ్ళు పొద్దున్నే కూశారు. వంటింట్లో పోపు మాడకముందే ఊళ్ళో పోప్ తేలిపోయాడు!

మంచాలు పోయాయి, తెరలు పోయాయి, తలుపులు కూడా పోయాయి. ద్వారబంధాలు మాత్రం మిగిలాయి, గోడతో వాటి బంధం గట్టిది కాబట్టి. వాటిలో దేనికీ ఒర్సోలా ఏడవలేదు. నార్దో పెళ్ళాం జెల్సొమీనా రాగి గుండిగని నెత్తిన బోర్లించుకుని పోతుంటే మాత్రం గుమ్మం వదిలి వెంటపడింది. అది అయ్యగారిది కాదు, ఒర్సోలా తల్లిది. ఆ ఇంట్లో ఆమెకి తనదంటూ ఉన్నది అదొక్కటే.

"అది నాదే, దొంగమొహమా!"

"పోప్ గారింట్లో అన్నీ పోప్ గారివే వదినా!" అంటూ జెల్సొమీనా సందు తిరిగిపోయింది.

మధ్యాహ్నం ఫిరంగి పేలింది. ఊరంతా కేకలేసిన పేరు అర్దిచీనో కాదు. ట్రవెల్లో! కర్ర లేకుండా రెండడుగులు వెయ్యలేని పండు ముసలాయన.

ఒర్సోలా కొంగు బిగించి నేరుగా నార్దో ఇంటికెళ్ళింది. పొయ్యి మీద ఆమె గుండిగ. అందులో శనగలు, ఎండుచేప కుతకుతలాడుతున్నాయి.

"మా అయ్యగారు పోప్ కాలేదు. విన్నావా?"

"విన్నానక్కా. పాపం," అన్నాడు నార్దో. "ఈసారి కాకపోతే వచ్చేసారి అవుతారు. ఇది బయానా అనుకో."

"బయానా! ఒరే, పోప్ ఇంట్లో తీస్తే ఆనవాయితీ. కార్డినల్ ఇంట్లో తీస్తే? పద, కొత్వాలునే అడుగుదాం."

కొత్వాలు పేరు వినగానే నార్దో పొయ్యి దగ్గర్నించి పక్కకి జరిగాడు. ఒర్సోలా కొంగుతో గుండిగ చెవులు పట్టి, శనగలతో సహా, గరిటెతో సహా ఎత్తింది.

"ఆ శనగలు మావే!" అని అరిచింది జెల్సొమీనా.

"నా గుండిగలో అన్నీ నావే వదినా."

చీకటి పడకముందే అర్దిచీనో ఇంటికొచ్చాడు. పీఠం దక్కలేదు సరికదా, కూచోడానికి పీట కూడా లేదు. బోసిగోడకి చేరగిలబడ్డాడు.

"ఎలా ఓడిపోయారండీ?" అంది ఒర్సోలా.

"మొదటి విడతలో పెద్దాయనకి మర్యాదకి ఒక ఓటు వేస్తాం ఒర్సోలా. ఎలాగూ గెలవడు కదా, ముచ్చట పడతాడని. నాకు వేస్తామన్నవాళ్ళు కూడా, రెండో విడతలో చూద్దాంలే అని..."

"అందరూ మర్యాదస్తులే అయ్యారా?"

"అందరమూను. చీటీలు విప్పేసరికి గెలుపుకి కావలసిన మూడింట రెండొంతులు దాటిపోయాయి. ఇంక రెండో విడతెక్కడిది?"

"మీరు కూడా ఆయనకే వేశారా?"

ఆయన తలవంచుకున్నాడు.

"గెలవడని తెలిసి వేశారు!" ఆమె గొంతు ఖాళీ ఇల్లంతా మోగింది. "మీ వేలికి ఉంగరం ఉంది, నెత్తిన ఎర్రటోపీ ఉంది. మీ మర్యాదకి వీధినపడ్డది మా అమ్మ గుండిగ!"

అర్దిచీనో ముక్కు ఎగబీల్చాడు. వాసన వస్తున్న వైపే చూస్తున్నాడు. చివరికి, "మర్యాదకైనా ఒక్క గరిటె పెట్టవే," అన్నాడు.

ఒర్సోలా గుండిగని తన ఒళ్ళోకి లాక్కుంది. గరిటె నిండా తీసి, ఆయన కళ్ళలోకి చూస్తూ, తన నోట్లోనే పెట్టుకుంది.

"రెండో విడతలో చూద్దాం లెండి," అంది.