ఆదివారం ఉతుకు

ప్రొద్దుటూరు వచ్చినప్పటి నుంచి నిర్మలమ్మ ఆదివారం పొద్దునే బట్టలు ఉతికేది. అది ఆమె ఎంచుకున్న రోజు కాదు. "చర్చి గంట కొట్టే వేళకు నువ్వు కాలువకాడ నలుగురికీ కనపడాల," అని భర్త పెట్టిన నియమం. నొసట కుంకుమ పెట్టుకుని, మాయని దుప్పట్లు కూడా మూటగట్టుకుపోయి బండకేసి బాదేది. గంట ఆగేదాకా తలెత్తేది కాదు.

భర్త పుట్టి పెరిగింది జమ్మలమడుగు క్రైస్తవుల పాలెంలో. అక్కడ అందరూ అతన్ని యేసురత్నం అనేవారు. హరిజనులకిచ్చే ఉద్యోగం క్రైస్తవుడికి రాదని తెలిశాక, చెన్నకేశవ అనే పేరుతో హిందువునని కాగితం తెచ్చుకుని ప్రొద్దుటూరు సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు సంగతి అది. నిర్మలమ్మ పేరు ఎటైనా చెల్లుతుందని మార్చలేదు. కూతురు రూతు మాత్రం వీధిలో రుక్మిణి అయింది.

"ఇంట్లో తలుపేసుకోని ప్రార్థన చేసుకుంటే దేవునికి వినపడదా? నలుగుర్లో కూచుంటేనే వింటాడా?" అని అతననేవాడు. ఆమె అలాగే చేసుకునేది, పొయ్యి ముందు, పెదవులు కదలకుండా. అత్త పెంచలమ్మ మొదట్లో పక్కన కూర్చునేది, తర్వాత మానేసింది. "వాని ఉద్యోగమే మనకు కూడు పెడ్తాండాది. నోరు మూసుకోని ఉండు," అనేది కళ్లు తుడుచుకుంటూ.

వచ్చిన రెండేళ్లకు, వానలు మొదలైన నెలలో, మూడేళ్ల రూతుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

జమ్మలమడుగులోనైతే కబురు పాలెం దాటకముందే ఆడవాళ్లు పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చేవారు. ఒకామె బిడ్డకు నీళ్లు పోసేది, ఇంకొకామె తన పెట్టెలోని తెల్లగుడ్డ తెచ్చేది. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే సుగుణమ్మ పాట ఎత్తుకుంటే అందరూ అందుకుని సమాధుల తోటదాకా నడిచేవారు. నిర్మలమ్మ అలా ఎందరి బిడ్డల వెంటో నడిచింది. తన బిడ్డ కోసం మాత్రం ఆఫీసు మనుషులు ఇద్దరు వచ్చి, బిడ్డను చాపలో చుట్టమన్నారు, పెన్న ఒడ్డుకు తీసుకుపోయి పూడ్చుదామన్నారు.

"ఒక్క పాట పాడనీ మామా. మెల్లిగా పాడతా," అని ఆమె భర్త చొక్కా పట్టుకుంది.

"గొంతు తగ్గించు. వాళ్లు వాకిట్లోనే ఉండారు." అతని కళ్లలోనూ నీళ్లున్నాయి. అయినా చొక్కా విడిపించుకున్నాడు.

సాయంత్రం పక్కింటి బీబీజాన్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "మీలో బిడ్డ పోతే ఏం చదువుతారమ్మా?" అని మెల్లగా అడిగింది. నిర్మలమ్మ నోరు తెరిచింది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మూసుకుంది.

ఆ తర్వాత ఆమె ప్రార్థనకు మోకరిస్తే మాట రాలేదు. దేవుడు వింటున్నాడనే నమ్మింది. కానీ వినేవాడు ఒక్కడే ఉంటే చాలడం లేదు. బాప్తిస్మం రోజున రూతును చేతులు మార్చుకుంటూ ఎత్తుకున్నవాళ్లు కావాలి. ఆ పేరుతో ఒక పిల్ల ఉండేదని తనతోపాటు ఎరిగినవాళ్లు కావాలి. ఈ ఊళ్లో చచ్చిపోయింది రుక్మిణి. రూతు కోసం ఇంకా ఎవరూ ఏడవనే లేదు.

ఐదో ఆదివారం మూట బీబీజాన్ ఇంట్లో దించి, జమ్మలమడుగు బస్సెక్కింది.

ఆరాధన సగమైంది. ఆడవాళ్ల వరుస చివర చాప మీద కూర్చుంది. సుగుణమ్మ తిరిగి చూసింది. ఆ చూపు నొసటి కుంకుమ మీద ఒక్క క్షణం ఆగి, ఒడిలోకి దిగింది. ఆరాధన ముగియగానే దగ్గరికొచ్చి, "బిడ్డ ఏదమ్మా?" అంది.

నిర్మలమ్మ ఖాళీ చేతులు రెండూ చాచింది.

"ఎప్పుడు?"

"ఐదు వారాలాయ."

"మాకు చెప్పకుండానే పూడిస్తిరా! మేమంతా చచ్చినామనుకుంటివా?" సుగుణమ్మ గట్టిగా కోప్పడింది. ఆ కోపానికే నిర్మలమ్మ గుండె కరిగిపోయింది. ఇన్నాళ్లూ ఆ బిడ్డ కోసం ఎవరూ కోప్పడలేదు.

ఇళ్లకు బయల్దేరిన ఆడవాళ్లు వెనక్కొచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. పొయ్యి వెలిగించాలని ఎవరూ లేవలేదు. ఒకామె ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది. సుగుణమ్మ రూతు పేరు చెప్పి ప్రార్థించి, ఐదు వారాలు ఆలస్యమైన పాట ఎత్తుకుంది. నిర్మలమ్మ పాడలేకపోయింది. ఆ గొంతుల మధ్య వెక్కి వెక్కి, ఊరంతా వినపడేలా ఏడ్చింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. భర్త వాకిట్లోనే ఉన్నాడు.

"యాడికి పోయినావు?"

"జమ్మలమడుక్కు. చర్చికి."

అతను గబుక్కున ఆమెను లోపలికి లాగి తలుపు వేశాడు. ముఖం పాలిపోయింది. "ఎవరన్నా చూసిరా?"

"శానామంది చూసినారు మామా. చూడాలనే పోయినా," అంది నిర్మలమ్మ. "వచ్చే ఆదివారం ఈ ఊరి చర్చికే పోతా."