బొట్టు కింద నంబరు

నేను ఒక కుట్టుమిషను స్టాండును. మిషను కాదు, దాని కాళ్ళను మాత్రమే. పోత ఇనుముతో పుట్టాను. నా మీద చెక్కబల్ల, బల్ల మీద మిషను, కింద పెడల్, పక్కన పెద్ద చక్రం. మమ్మల్ని మొదట కొన్నది పొన్నూరు సుభానీ మాస్టారు. చూపు మందగించేదాకా చొక్కాలు కుట్టి, తన దగ్గర పని నేర్చుకున్న హైమకు మమ్మల్ని అమ్మేశారు. "జాగ్రత్తమ్మాయ్" అన్న మాటే ఆ అమ్మకానికి రసీదు. ఆ ఏడాదే ఆయన పోయారు.

హైమ జాకెట్లు కుట్టేది. ఆమె భర్త శేషగిరి ధాన్యం మిల్లులో పనివాడు. మిల్లు మూతపడిన నెలల్లో ఆ ఇంటిని నడిపింది నా పెడల్ మీది ఆమె పాదాలే.

మొన్న వేసవిలో వాళ్ళు పెళ్ళికి పోయి వచ్చేసరికి తాళం పగిలి ఉంది. దొంగలు టీవీ పట్టుకుపోయారు. బెల్టు కోసి మిషనునూ పట్టుకుపోయారు. నన్ను ఓసారి లేపి చూసి, బరువని వదిలేశారు.

ఇంటికి బీమా ఉంది, అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు కట్టించింది. బీమా అతను వచ్చాడు. మర్యాదస్తుడే. టీవీ బిల్లు చూసి తలూపాడు. మిషనుకు బిల్లు లేదు.

"పోనీ ఫోటో ఉందా అక్కా? నంబరు కనపడితే చాలు."

హైమ ముఖం వెలిగింది. దసరానాడు తీసిన ఫోటో చూపించింది. బంతిపూల దండ వేసుకుని పెళ్ళికూతురిలా ఉంది మిషను. నంబరు రేకు మీద మాత్రం దట్టంగా పసుపు, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ.

"బొట్టే కనపడుతోంది కదక్కా!"

"ఆ రేకు మీదే పెట్టాలా బొట్టు?" అన్నాడు శేషగిరి. "చక్రానికి పెడితే అలిగిద్దా అది?"

"నుదురొదిలేసి కాలికి పెడతారా ఎవరైనా? దొంగలొస్తారని కలగన్నానా నేను?"

"నంబరన్నా గుర్తుందా?" అడిగాడు బీమా అతను.

"సూది చూసుకుంటాం, దారం చూసుకుంటాం. నంబరెవరు చూస్తారు బాబూ? ఇదుగో, స్టాండుందిగా! మిషను లేకుండా ఉత్త కాళ్ళెవరన్నా కొనుక్కుంటారా?"

అతను నవ్వాపుకున్నాడు. "రేపొకావిడ బోసిమెడ చూపించి గొలుసు పోయిందంటే ఏం చెయ్యనక్కా?"

అయినా నా బల్లలో మిషను ఉండే ఖాళీని జాగ్రత్తగా ఫోటో తీసుకున్నాడు. ఉన్నప్పుడు నంబరు చూడనివాళ్ళు, లేనప్పుడు ఖాళీని ఫోటో తీసేవాళ్ళు. మనుషుల పద్ధతులు నాకెప్పుడూ అంతుపట్టలేదు.

టీవీకి ఒప్పుకున్నారు. మిషనుకు ఒప్పుకోలేదు. ఆ టీవీ డబ్బయినా, కొత్త టీవీ కొన్న బిల్లు చూపిస్తేనే ఇస్తారట.

"ఆ డబ్బుతో మిషను కొనుక్కుంటాను బాబూ, మాకు టీవీ వద్దు" అని హైమ ఫోనులో బతిమాలింది.

"అట్టా కుదరదక్కా. పోయిందే కొనాలి."

పోయింది ఏదో ఆమెకు తెలుసు. ఒప్పించే ఓపికే మిగల్లేదు.

కొత్త టీవీ వచ్చింది. శేషగిరి నా బల్లలోని ఖాళీ మీద అట్టముక్క పరిచి దాన్ని నా మీదే నిలబెట్టాడు. హైమ ఇప్పుడు బజారులో బట్టల కొట్టుకి పోతోంది, చీరలు మడతపెట్టే పనికి. సాయంత్రం వచ్చి, నా ముందు స్టూలు మీద కూలబడుతుంది. టీవీలో ఎవరెవరో ఏడుస్తూ ఉంటారు. కాసేపటికి ఆమె పాదాలు తమంతట తామే నా పెడల్ మీదికి చేరతాయి. చక్రం తిరుగుతుంది.

"ఏందే ఆ చప్పుడు?" అంటాడు శేషగిరి.

ఆమె పాదాలు తీసేస్తుంది. కొంతసేపయ్యాక మళ్ళీ పెడుతుంది.