‘కతోలిక గొంతు’ మూయమన్న ఆదివారం

ముందు ఆమె ఒంటి మీది యూనిఫాం కోటు విప్పించారు. ఆ తర్వాతే స్ట్రెచర్ తెచ్చారు.

అది బిషప్ గారి మేత్రాసనం వారి ఆసుపత్రి. కింది అంతస్తులో బట్టలగది. తడి దుప్పటిని ఆవిరి రోలర్ల మధ్యకు తోస్తే అటువైపు ఆరి, ఇస్త్రీ అయి వస్తుంది. చెయ్యి దగ్గరికి పోతే యంత్రాన్ని ఆపాల్సిన అడ్డుకడ్డీ ఎప్పుడో విరిగింది. బాగు చేయించండి మొర్రో అని ఆడవాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ పొద్దున దుప్పటితో పాటు, దాన్ని తోస్తున్న బక్కామె చెయ్యి కూడా లోపలికి పోయింది.

రోలర్లు నడిపే పెద్దామె కరెంటు ఆపేసింది. చినిగిన దుప్పట్లు కుట్టే టీచరమ్మ మిషను వదిలేసి పరుగెత్తి బక్కామెను ఒడిసి పట్టుకుంది. గదంతా కాలిన వాసన. అప్పుడొచ్చాడు మేనేజరు. చేతి వంక చూడను కూడా లేదు.

“ముందు ఆ కోటు తీయండి.”

“కోటెందుకయ్యా ఇప్పుడు? మనిషి పోయేలా ఉంది!” అంది పెద్దామె.

“చెప్పింది చెయ్యండి. కోటు లేకపోతే డ్యూటీలో లేనట్టు.”

కాలిన చేతి మీదుగా ఆ గుడ్డను లాగుతుంటే బక్కామె పెట్టిన కేక టీచరమ్మ చెవుల్లోంచి పోలేదు. నాలుగు వేళ్ళు తీసేశారు. డ్యూటీలో లేని మనిషి యంత్రం దగ్గరికి ఎందుకు వెళ్ళిందో మాకేం తెలుసు అని ఆసుపత్రి చేతులు దులుపుకుంది.

టీచరమ్మ నిజానికి టీచరు కాదు. ఆదివారాలు గుడిలో పిల్లలకు జపాలు నేర్పుతుంది కాబట్టి ఆ పేరు. ఆమె, అంబులెన్సు డ్రైవరు కలిసి ‘కతోలిక గొంతు’ నడుపుతున్నారు. ఫోనులో మాట్లాడి రికార్డు చేసి, విచారణలోని, అంటే ఆ గుడి కిందికి వచ్చే, ఇళ్ళన్నింటికీ పంపుతారు. ఎవరికి జబ్బు చేసింది, ఎవరు కన్నుమూశారు, ఒక పునీతుడి కథ, ఒక ప్రార్థన. బిషప్ గారే ఒకసారి పిలిచి మెచ్చుకున్నారు. పునీతులు పడ్డ బాధలు చెప్పినంత కాలం ఆ గొంతు అందరికీ ముద్దే.

ఆ వారం బక్కామె పడ్డ బాధ చెప్పింది. బక్కామె నోటితోనే, కోటు సంగతితో సహా.

ఊరంతా వింది. పక్క విచారణల వాళ్ళూ విన్నారు. మర్నాడే బిషప్ గారి కార్యాలయం నుంచి కబురొచ్చింది. అది తీసేయాలి. క్షమాపణ చెప్పాలి. ఇక మీదట ప్రతి మాటా ముందు తమకు వినిపించాకే బయటికి వదలాలి. లేదంటే పేరులోంచి ‘కతోలిక’ తీసేయాలి. ఆ మాట వాడుకోవాలంటే అనుమతి కావాలట.

సాయంత్రం అంబులెన్సు షెడ్డులో అందరూ కూడారు. బట్టలగది వాళ్ళు, వార్డు ఆయాలు, వంటింటి వాళ్ళు, ఊడ్చేవాళ్ళు. నిలబడటానికి చోటు లేదు.

“‘కతోలిక’ అన్న ఒక్క మాటే కదా, తీసేద్దాం. వదిలేస్తారు. మన పని మనం చేసుకోవచ్చు,” అన్నాడు వంటాయన.

“మాటేం ఖర్మ, చర్చినే వదిలేద్దాం,” అని డ్రైవరు విసుక్కున్నాడు. “నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“నేనెందుకు వదలాలిరా?” పెద్దామె గొంతు షెడ్డు రేకులకు తగిలింది. “బలిపీఠం మీద గుడ్డ ఎవరు ఉతుకుతున్నారు? బిషప్ గారి పూజ బట్టలు ఎవరు ఇస్త్రీ చేస్తున్నారు? ఆ గుడ్డ కతోలిక గుడ్డ, ఉతికిన చెయ్యి మాత్రం కాదా? వాళ్ళు కావాలంటే పొమ్మను. నేను పోను!”

“మరి ఉద్యోగాలు పోతేనో?” వెనక నుంచి ఒక ఆయా అడిగింది.

టీచరమ్మకూ భయంగానే ఉంది. పూజ మానని మనిషి ఆమె. బిషప్ గారి మాటకు ఎదురు చెప్పడం పాపమేమోనని కబురొచ్చినప్పటి నుంచీ లోపల నలిగిపోతోంది. అప్పుడే బక్కామె కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో ఎత్తిపట్టుకుని లేచింది. “మీరు క్షమాపణ చెప్తే, నేను అబద్ధం చెప్పినట్టేగా అక్కా?”

ఇక వాదన జరగలేదు. తీసేది లేదు, చెప్పేది లేదు అని చేతులు లేచాయి. ఆయా చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. కానీ లేచింది.

శనివారం టీచరమ్మ ఇంటికి ఆమె తమ్ముడు వచ్చాడు. ఆ గుడి ఫాదర్, విచారణ గురువు అతనే. తల్లి పోయాక టీచరమ్మే చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు వంటింటి గడప దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“అక్కా, బిషప్ గారి ప్రకటన వచ్చింది. రేపు పూజలో నేనే చదవాలి.”

“ఏముంది అందులో?”

“మీది కతోలిక సభ గొంతు కాదని. ఎవరూ వినకూడదని. ఇంకా... ఆమె డ్యూటీలో లేదని.”

“నువ్వెళ్ళి ఆమె కోసం ప్రార్థన చేసి తైలం పూశావు కదరా. ఆ చెయ్యి నీ కళ్ళతో చూశావు కదా!”

“చూశానక్కా. కానీ విధేయతకు మాటిచ్చాను.”

“దేవుడికిచ్చావా, మేనేజరుకిచ్చావా?”

“నీకు అర్థం కాదు.”

“అవున్రా. నీ వేళ్ళు నీకున్నాయి కదా, నీకైతే అన్నీ అర్థమవుతాయి.”

అతను అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. టీచరమ్మ కుండ మీద మూత పెట్టి, కింద కూలబడి ఏడ్చింది. బిషప్ గారి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, వీడి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు. ప్రసంగం కాగానే తమ్ముడు కాగితం విప్పాడు. ‘గొంతు’ను వినడం విశ్వాసులకు తగదని చదివాడు. “విధుల్లో లేని ఒక మహిళ తన అజాగ్రత్త వల్ల...” అన్నచోట ఆగాడు.

టీచరమ్మ లేచింది.

“ఫాదర్ గారూ.” తమ్ముణ్ణి జీవితంలో మొదటిసారి అలా పిలిచింది. “ఆ ముక్క ఆమె మొహం చూసి చదవండి.”

బక్కామె అప్పటికే నడవలోకి వచ్చి నిలబడింది.

“కూర్చోండి! ఇది దేవుడి గుడి!” మేనేజరు గుడ్లురిమాడు.

“అందుకే నిలబడ్డాం!” అంది పెద్దామె. బట్టలగది వాళ్ళంతా లేచారు. ఆయాలు లేచారు. వంటాయన లేచాడు. మేనేజరు ఫోను తీసి పోలీసులకు చేశాడు.

తమ్ముడు తలెత్తలేదు. ఆ ముక్కే మళ్ళీ చదివాడు, కాగితంలోకి చూస్తూ. చదువుతూనే ఉన్నాడు. టీచరమ్మ ఏం చేయాలో తోచక, పూజలో ఆ తర్వాత అందరూ కలిసి చెప్పాల్సిన ప్రార్థన, విశ్వాస సంగ్రహం, గట్టిగా అందుకుంది. ఒక్కొక్కరే గొంతు కలిపారు. సభను గురించిన వాక్యం రాగానే ‘కతోలిక’ అన్న మాట వందల నోళ్ళలోంచి పిడుగులా పడింది. పెద్దామె అక్కడే ఆగి మళ్ళీ అంది. మళ్ళీ అందరూ అన్నారు. ఆ మాటకు ఎవరినీ అనుమతి అడగలేదు. ప్రకటనలో చివరి వాక్యాలు ఎవరికీ వినబడలేదు.

పోలీసులు నడవలోకే వచ్చారు. పూజకు అడ్డుపడిందని టీచరమ్మను తీసుకుపోయారు. తమ్ముడు మెట్ల దాకా కూడా రాలేదు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. “ఇక ఆ ఫోను వార్తలు నడపనని రాసిచ్చి ఇంటికి పోమ్మా. ముసలితనంలో నీకెందుకీ గొడవ?”

బయట జనం గోల. కిటికీ ఊచల్లోంచి చూస్తే గేటు ముందు రోడ్డు కనబడటం లేదు, అంతా తలలే. బట్టలగది వాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, పిల్లలు, పక్క విచారణల వాళ్ళు. డ్రైవరు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. దాని ముందు, రోజూ టీచరమ్మ మాట్లాడే చోట, బక్కామె. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మనిషి మాటలు వెతుక్కుంటోంది, మధ్యలో ఆగుతోంది, తప్పు పలికి మళ్ళీ మొదలుపెడుతోంది.

“అడ్డుకడ్డీ పెట్టేదాకా... రోలరు తిరగదు. మేం తిప్పం. వింటున్నారా? మా టీచరమ్మను వదిలేదాకా మేం ఇక్కణ్ణించి కదలం. తర్వాతి వార్త...”

ఇన్‌స్పెక్టరు కలం చేతికిచ్చాడు. “ఊఁ, రాయి.”

టీచరమ్మ కలాన్ని బల్ల మీద పెట్టేసింది.

“ఉండండి బాబూ, వార్తలు విననివ్వండి.”