సోమవారం తూకం

నా ఒంటి మీద పద్నాలుగు కిలోలు ఎక్కువయ్యాయని నాకంటే ఊరికే ఎక్కువ కంగారు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్ కింద ఇస్త్రీ బండి ఆయన దగ్గర్నుంచి ఆఫీసు లిఫ్టులో ముఖపరిచయం కూడా లేని అమ్మాయి దాకా, అందరి దగ్గరా నాకోసం ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకోమంటారు. అన్నం మానేసి రాగి సంగటి తినమంటారు. ఏడు దాటాక నోరు కట్టేసుకోమంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఎందుకు పెరిగావమ్మా అని మాత్రం ఒక్కరూ అడగరు.

అడిగితే చెప్పేదాన్ని. నిరుడు ఏడు నెలలు నేను డిప్రెషన్‌తో మంచం దిగలేదు. మాటవరసకి అనడం లేదు. ఇంటి నుంచే పని కాబట్టి లాప్‌టాప్ మంచం మీదికే వచ్చేది, బిర్యానీ డబ్బా మంచం మీదికే వచ్చేది. ఆకలేసి తిన్నది కాదు. ఎందుకూ పనికిరావు అంటూ తలలో ఒక గొంతు ఆగకుండా సణిగేది. నమిలినంతసేపూ అది కాస్త సద్దుమణిగేది, అందుకని నమిలాను. నేను తలస్నానం చేసి పదకొండు రోజులైందని, నాతో ఫ్లాట్‌లో ఉండే సమీనా లెక్కపెట్టి, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

"ఈ జబ్బు కొందరికి ఆకలి చంపేస్తుంది, కొందరికి పెంచేస్తుంది. నీది బద్ధకం కాదు" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకి నేను ఆవిడ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. రోజుకో మాత్ర రాసింది, పొద్దున టిఫిను తరవాత. నన్నడక్కుండా మానొద్దు, మానితే మళ్లీ మంచం పడతావని కూడా చెప్పింది. రెండు నెలలకి లేచి మనిషినయ్యాను. కుందలహళ్ళి ఆఫీసుకి మళ్లీ రావడం మొదలుపెట్టాను. అప్పటికే పెరిగిన పది కిలోలకి మాత్రలతో ఇంకో నాలుగు తోడయ్యాయి. పోనీలే, తల నిమ్మళంగా ఉంది కదా అనుకున్నాను.

ఆఫీసులో జబ్బు సంగతి చెప్పలేదు. నడుం నొప్పి అన్నాను. నడుం నొప్పికి లోకంలో మర్యాద ఉంది, దీనికి లేదు.

ఇంతలో మా కంపెనీకి ఉద్యోగుల ఆరోగ్యం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. పన్నెండు వారాల బరువు తగ్గే పోటీ పెట్టారు. మనిషికి కాదు, టీముకి. ప్రతి సోమవారం పదింటికి టీ, కాఫీలు తాగే పాంట్రీలో పెట్టిన బరువు చూసే మిషను ఎక్కాలి. టీములో అందరిదీ కలిపి ఎంత తగ్గితే అన్ని పాయింట్లు. గెలిచిన టీముకి మూడు రోజుల కూర్గ్ యాత్ర. ఇష్టమున్నవాళ్లే చేరండి అన్నారు. మా టీములో ఐదుగురం, నలుగురు చేరిపోయారు. ఇంక నా ఇష్టం ఎవడిక్కావాలి?

తూకం రోజు చూడాలి మావాళ్ల భక్తి. చెప్పులు, వాచీ, ఐడీ కార్డు, ఆఖరికి జడక్లిప్పు కూడా తీసి ఎక్కేవాళ్లు. మా టీము హరిణి అంకె పైకి చదివి గోడ మీద తెల్లబోర్డు మీద రాసేది. తగ్గినవాళ్లకి పచ్చ మార్కరు, పెరిగినవాళ్లకి ఎర్రది. ఎర్ర మార్కరు నా ఒక్కదాని కోసమే కొన్నట్టుండేది.

"వరూ, ప్లస్ పాయింట్ సిక్స్" అనేది హరిణి, చావు కబురు చెప్పినంత మెల్లగా. మిగతా నలుగురూ కష్టపడి దించింది నేనొక్కదాన్నే ఎక్కించేస్తున్నానని బోర్డు చెప్పేది. వాళ్లు పైకి ఏమీ అనేవాళ్లు కాదు. అరటిపండు తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాళ్లు.

నాలుగో సోమవారం మా లీడ్ అభిజిత్ నన్ను పక్కకి పిలిచాడు. వరంగల్ అబ్బాయి, మంచివాడే. మంచివాడు కాకపోతే తిట్టుకోవడం తేలికయ్యేది.

"వరూ, ఏమనుకోకు. ఇదంతా జస్ట్ విల్‌పవర్. నేను చక్కెర బంద్ చేసిన, చూస్తున్నవ్ కదా. నువ్వు సాయంత్రం ఆ బేకరీ పఫ్ ఒక్కటి మానేస్తే మనం టాప్ త్రీల ఉంటం."

విల్‌పవర్! నిరుడు మంచం మీద నుంచి బాత్‌రూమ్ దాకా నడవడానికి నాకు పట్టిన విల్‌పవర్‌తో ఈయన నందిహిల్స్ నాలుగుసార్లు ఎక్కి దిగొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "సరే అభిజిత్" అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి చేశాను. మర్నాడు మాత్ర వేసుకోలేదు.

"వేసుకున్నావా?" అని రోజూ పొద్దున సమీనా వంటింట్లోంచి అరిచేది. "ఆఁ" అనేదాన్ని.

ఐదో సోమవారానికి తొమ్మిది వందల గ్రాములు తగ్గాను. ఆరో సోమవారానికి ఇంకో కిలో ఎనిమిది వందలు. అప్పటికి నాకు నిద్ర పట్టడం మానేసింది. సాంబారు నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉండేది. మీటింగులో వాళ్లు మాట్లాడే మాట మధ్యలోనే జారిపోయేది. తలలో ఆ గొంతు తిరిగొచ్చింది. ఈసారి జబ్బు ఆకలిని మింగుతూ వచ్చింది కాబట్టి నేను దాన్ని పోల్చుకోలేదు, తిండి తగ్గిందని సంబరపడ్డాను కూడా.

"రెండు వారాల్లో మైనస్ టూ పాయింట్ సెవెన్!" అని హరిణి కేక పెట్టింది. పాంట్రీ అంతా చప్పట్లు. పక్క టీముల వాళ్లు కూడా కప్పులు కింద పెట్టి కొట్టారు.

"సూపర్ వరూ! వచ్చే సోమవారం అందరికీ నీ సీక్రెట్ చెప్పాలె" అన్నాడు అభిజిత్. నేను నవ్వాననే అనుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నం లంచ్ బాక్సు పాంట్రీ చెత్తబుట్టలో బోర్లిస్తుంటే వెనక నుంచి గంగమ్మ పిలిచింది. పాంట్రీ పని ఆమెదే. మడకశిర వైపు నుంచి కూలిపనికని వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి.

"అమ్మా, అడుగుతాండానని కోపం చేసుకోవద్దు. పదిదినాల నుంచి చూస్తాండా. డబ్బా తెరిచేది, అట్లే బుట్టలో పోసేది. ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉన్నా అక్కా. బరువు తగ్గుతున్నా. పొద్దున చూశావు కదా, అందరూ చప్పట్లు కొట్టారు."

"కొట్టిరి. నేనూ చూస్తి. అందరూ ఆ మిషన్నే చూస్తా ఉండిరి, నీ మొగం ఎవురూ చూడల్యా." ఆమె నా చేతిలో బాక్సు తీసుకుని సింకులో పెట్టింది. "మా ఊర్లో గొడ్డు మేత ముట్టకుంటే చప్పట్లు కొట్టం తల్లీ. డాక్టర్ని పిలుస్తాం."

ముందు ఏడుపొచ్చింది. దాని వెనకాలే కోపమొచ్చింది. ఎన్నాళ్లయిందో నాకు కోపం వచ్చి! అందరికంటే ముందు నా మీదే. బోర్డు మీద పచ్చ అంకె కోసం, ఏడు నెలల చీకటి నుంచి నన్ను ఈడ్చుకొచ్చిన మాత్రని నేనే కాలదన్నుకున్నాను. పదమూడు రోజులు సమీనాతో అబద్ధమాడాను. అక్కణ్ణుంచే సమీనాకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. సాయంత్రం ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేదాకా అది నా చెయ్యి వదల్లేదు.

"బరువు పెరుగుతోందని నాకెందుకు చెప్పలేదు? మందు మార్చేదాన్ని కదా" అంది డాక్టరమ్మ.

"సిగ్గేసింది."

"నా దగ్గరా?" అని ఆవిడ మందుల చీటీ ముందుకు లాక్కుంది. "కొత్త మాత్ర రాస్తున్నా. దీంతో ఒళ్లు పెరగదని మాటివ్వలేను. ముందు నువ్వు బతికి బాగుండాలి. బరువు సంగతి తరవాత ఇద్దరం కలిసి చూద్దాం."

మర్నాటి నుంచి సమీనా అరవడం మానేసింది. మాత్ర నా అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతోంది.

ఏడో సోమవారం వచ్చింది. నేను జడక్లిప్పు తియ్యలేదు. మిషను ఎక్కాను.

"ప్లస్ పాయింట్ ఎయిట్..." హరిణి గొంతు తగ్గిపోయింది.

"అరె, ఏమైంది వరూ?" అన్నాడు అభిజిత్. "సీక్రెట్ చెప్తవనుకుంటే..."

"చెప్తాను" అన్నాను మిషను దిగకుండానే. "నేను డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాను. ఈ బోర్డు మీద ఎర్ర అంకె చూడలేక అవి మానేశాను. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, పొద్దున్న లేవకపోతే బాగుండుననిపించింది. అలా తగ్గాను రెండు కిలోల ఏడు వందలు. అదే సీక్రెట్. మీరు దానికే చప్పట్లు కొట్టారు."

అభిజిత్ ముఖం పాలిపోయింది.

"మాకు తెల్వదు కదా వరూ. ఒక్క మాట చెప్పాల్సుండె."

"అవును, చెప్పాల్సింది. మీరూ అడగాల్సింది. ఆరు సోమవారాలు నా బరువెంతో గ్రాములతో సహా చదివారు. ఎలా ఉన్నావని ఒక్క సోమవారమైనా అడిగారా?"

నాకు మిషను దిగబుద్ధి కాలేదు.

"నా అంకె రాయి హరిణీ. వారం రోజులుగా మూడు పూటలా తింటున్నాను. నిన్న సాయంత్రం పఫ్ కూడా తిన్నాను, రుచి తెలిసింది. ఎనిమిది వందల గ్రాములు. పచ్చ మార్కరుతో రాయి."

హరిణి ఎర్ర మార్కరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేనింక ఎవరి కోసమూ చూడలేదు. నా చప్పట్లు నేనే కొట్టుకున్నాను. రెండు చేతుల చప్పుడు అంత పెద్ద పాంట్రీలో పేలవంగానే ఉంది. సింకు దగ్గర గంగమ్మ కుళాయి కట్టేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని తనూ కొట్టింది. హరిణి ఎర్ర మార్కరుకి మూత పెట్టి, పచ్చది తీసుకుంది.