మొగుడికి మీసాలొచ్చే వయసు

లిఫ్టు మెకానిక్ చికిత్స కేంద్రంలో తాగుడు మానేసి ఇంటికొచ్చాక ఆ ఇంట్లో తలుపులు ధడాలున మూసుకోవడం మొదలైంది.

అంతకుముందు తాగి వచ్చేవాడు, పడుకునేవాడు. ఇప్పుడు పలకరిస్తే విసుక్కుంటున్నాడు, పలకరించకపోతే ముఖం ముడుచుకుంటున్నాడు. జుట్టు ఎటు దువ్వుకోవాలో తేలక అద్దం ముందు నిలబడి పనికి ఆలస్యమవుతున్నాడు. టీవీ రిమోటు కోసం కూతురితో పోట్లాడి, ఓడిపోయి, గదిలోకెళ్లి గడియ పెట్టుకుంటున్నాడు. కూతురు తొమ్మిదో తరగతి. నోరు మూతపడదని దాన్ని పిచుక అని పిలుస్తారు.

భార్య కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఏ అద్దం పెట్టినా మసకగానే ఉందనే ముసలాళ్లకి రోజంతా విసుక్కోకుండా సమాధానం చెప్పే మనిషి. అలాంటిదానికే ఓపిక నశించి, ఒక మధ్యాహ్నం ఆ కేంద్రంలోని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది.

"మేడం, తాగుడు మానిపించారు, మీ మేలు మర్చిపోలేను. కానీ మీరు నాకు అప్పజెప్పింది మా ఆయన్ని కాదు. ఈయనెవరో నాకు తెలీదు."

"ఆయన మొదటిసారి ఎప్పుడు తాగారో తెలుసా అమ్మా?"

"వాళ్ల నాన్న పోయినప్పుడట. అప్పటికి ఆయనకి పదిహేనేళ్లుంటాయేమో."

కౌన్సెలర్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మనిషి ఒక్కో వయసులో ఒక్కో పాఠం నేర్చుకుంటూ ఎదుగుతాడు. పసితనంలో నమ్మడం. ఆ మీసాలొచ్చే వయసులో, నేనెవర్ని, నాకేం కావాలి, అవమానమొస్తే, భయమేస్తే ఎలా తట్టుకోవాలి అన్నది. మీ ఆయన ఆ పాఠం నేర్చుకోవాల్సిన ప్రతిసారీ గ్లాసు అడ్డమొచ్చింది. ఒళ్లు పెరిగింది, పని వచ్చింది, పెళ్లయింది. ఆ పాఠం మాత్రం అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు మొదలైంది."

"అంటే ఆ వయసువాళ్లు నా ఇంట్లో ఇద్దరున్నారా?"

"ఒకరికి మీసాలు నెరిశాయి. అంతే తేడా."

భార్య పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి నేనేం చెయ్యను?"

"ఆయనకి తల్లి మాత్రం అవ్వకండి. అలిగితే బతిమాలొద్దు. కానీ తనంతట తాను ఏదైనా చెప్పబోతే, చేతిలో పని పక్కన పెట్టి వినండి."

పుస్తకాల్లో మాటలు చెప్పడం తేలికే అనుకుంటూ ఆమె ఇంటికొచ్చింది.

కొన్నాళ్లకి పిచుక బడివాళ్లతో మ్యూజియం చూడ్డానికి వెళ్లింది. సాయంత్రమైనా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. లిఫ్టు మెకానిక్ గుమ్మంలోకీ వీధిలోకీ తిరిగాడు. వీధి చివర మలుపు తిరిగితే మద్యం షాపు. అతను మలుపుదాకా వెళ్లడం భార్య వంటింటి కిటికీలోంచి చూసింది. అతను అక్కడ ఆగి, చేతులు జేబుల్లో కుక్కుకుని వెనక్కి వచ్చేశాడు.

దీపాలు పెట్టే వేళకి పిచుక ఊడిపడింది. బస్సు దారిలో చెడిపోయిందట.

"ఎక్కడ చచ్చావే!" అని తండ్రి ఇల్లదిరేలా అరిచాడు. పిచుక ఎదురు చెప్పడానికి నడుం మీద చేయి పెట్టింది. కానీ అతని నోరు తెరుచుకునే ఉంది. ఏదో మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"నాకు… భయమేసింది," అన్నాడు.

భార్య తోముతున్న గిన్నె వదిలేసి వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో అతని నోట కోపం విన్నది, తలనొప్పి విన్నది, 'ఏం లేదు' అన్న మాట లెక్కలేనన్నిసార్లు విన్నది. ఇది వినలేదు. పిచుక మొదటిసారి 'అమ్మ' అన్నప్పుడు ఎలా నిలబడిపోయిందో అలాగే నిలబడిపోయింది.

"మా నాన్న కూడా సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్లాడు. రాలేదు. నేను ఏడుస్తుంటే మామయ్య గ్లాసు చేతిలో పెట్టాడు. మగపిల్లాడివిరా, ఇది తాగు, ఏడుపు ఆగిపోతుందన్నాడు." గుమ్మం వంక చూస్తూ, "ఆగిపోయింది," అన్నాడు.

అప్పుడు వచ్చింది ఆ ఏడుపు. చెప్పులు విడిచే చోటే చతికిలబడి ఏడ్చాడు. గొంతు బొంగురుపోయి, మధ్యలో చీలిపోయి, అచ్చం గొంతు మారే వయసు మగపిల్లాడి గొంతులా ఉంది. పిచుక ఒక్క మాటా అనకుండా, బ్యాగు వీపునే ఉంచుకుని, తండ్రి పక్కన కూర్చుంది.

భార్యకి అర్థమైంది. ముప్పై ఏళ్లు ఆ ఒంట్లో పడి ఉన్న దుఃఖం ఎండిపోలేదు, కుళ్లిపోలేదు. తన వంతు కోసం ఎదురుచూస్తూ ప్రాణంతో ఉంది. కళ్లముందే ఒక మనిషి ఆగిన చోటునుంచి పెరగడం మొదలుపెట్టాడు.

భార్య వెళ్లి ఆ సంగతి చెప్పినప్పుడు కౌన్సెలర్ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. "ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానమ్మా. అయినా ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది," అంది.

అంతటితో అతను పెద్దమనిషి అయిపోలేదు. ఆ వారమే చొక్కా ఇస్త్రీ బాగాలేదని మళ్లీ అలిగాడు. కానీ అలక భోజనం వేళదాకా కూడా నిలవలేదు. తానే ఇస్త్రీపెట్టె తీసుకున్నాడు, చొక్కా కాల్చుకున్నాడు, తనమీద తానే నవ్వుకున్నాడు.

మరుసటి వేసవిలో ఒక సెలవు రోజు, పిచుక స్నేహితురాలింటికి వెళ్లినప్పుడు, అతను భార్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నేను తాగినన్నాళ్లూ నీకెలా ఉండేది?" అని అడిగాడు.

ఆమె నమ్మలేనట్టు అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో పంతం లేదు, బెదురు లేదు. మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమంతా పట్టింది. అతను లేవలేదు, అడ్డం రాలేదు, తల దించుకోలేదు. చివరిదాకా విన్నాడు.