మూగమామిడి మలుపు

సొన వాసన.

కారు అద్దాలు మూసి ఉన్నా లోపలికి వచ్చేసింది. పచ్చిగా... ఘాటుగా... అప్పుడే తెగిన మామిడి వాసన.

కల్యాణి పట్టించుకోలేదు. ఇంట్లో రోజూ ఉండే వాసనే.

వెనక సీట్లో నాన్న.

నోరు ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి పడిపోయింది. చింతలపూడిలో అన్నం కలుపుతూ కలుపుతూ ఒరిగిపోయాడు. ఆ మెతుకులు ఇంకా వేళ్ళకే ఉన్నాయి.

నూజివీడు ఆస్పత్రికి చేరాలి. ఎంత తొందరగా అయితే అంత.

ముసునూరు దాటాక మెయిన్ రోడ్డు మూసుకుపోయింది. రాత్రి గాలివానకి చెట్లు అడ్డంగా పడ్డాయి. టవర్లు పోయాయి. ఫోన్‌లో మ్యాప్ గుండ్రంగా తిరుగుతోంది — తిరుగుతూనే ఉంది.

తిరగనీ.

ఆమె బసవపున్నారావు కూతురు. ముప్పై ఏళ్ళు మామిడికాయల లారీ తోలిన మనిషి కూతురు. ఫోన్ పక్కన పడేసి, కారుని తోటల దారిలోకి దింపింది.

వేసవి సెలవులన్నీ ఆ లారీ క్యాబిన్‌లోనే గడిచాయి. నాన్న ఆమె కళ్ళకి తువ్వాలు కట్టేవాడు.

"ఎక్కడున్నామో చెప్పమ్మా."

తవుడు వాసన — రైస్ మిల్లు. కమురు వాసన — పొగాకు కాల్చే బ్యారన్లు. తడి మట్టి వాసన — కాలవ దగ్గరికొచ్చాం.

"నా తల్లే! ఇంక నీకు మ్యాపులెందుకే?"

దారికి గుర్తు చెట్లే. దారిచెట్టుని కొట్టాల్సి వస్తే మొద్దు ఉంచాలి, దానికి సున్నం కొట్టాలి. అది లారీ డ్రైవర్ల మాట, తోటల వాళ్ళ మాట. "చెట్టు మనది కావచ్చమ్మా. గుర్తు మాత్రం దారినపోయే వాళ్ళది," అనేవాడు నాన్న.

రెండు పంపుసెట్లు దాటాక మూగమామిడి. ఒక్క ఏడూ కాయని చెట్టు. ఆ పేరు పెట్టింది నాన్నే. "కాయదు గానీ దారి మాత్రం చెప్పుద్ది."

అక్కడ ఎడమకి. అంతే. పావుగంటలో నూజివీడు.

మొదటి పంపుసెట్టు.

రెండోది.

"వచ్చేసింది నాన్నా. మూగమామిడి వచ్చేస్తోంది."

రాలేదు.

తోట... తోట... తోట. అన్నీ ఒకేలాంటి చెట్లు, ఒకేలాంటి కంచెలు, ఒకేలాంటి ఎర్రమట్టి బాటలు.

సొన వాసన.

వెనక ఏదో కదిలింది. నాన్న ఎడమ చెయ్యి లేచింది. అద్దానికి తగిలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ తగిలింది. టక్... టక్...

"కదలకు నాన్నా. పడుకో. ప్లీజ్."

ఆమె నేరుగా పోనిచ్చింది.

చెయ్యి పడిపోయింది.

బాట ఒక చెరువు గట్టు దగ్గర ఆగిపోయింది. అంత ఇరుకులో కారు తిప్పడానికే చాలాసేపు పట్టింది. తిప్పేసరికి వెనక నుంచి చప్పుడు లేదు.

"కాస్త ముందు తీసుకొస్తే బాగుండేదమ్మా," అన్నాడు నూజివీడు ఆస్పత్రిలో డాక్టరు.

కాస్త ముందు.

చితికి కట్టెలు భర్త భరత్ మిల్లు నుంచే వచ్చాయి. నూజివీడులో అతనికి కోత మిల్లు ఉంది. మామిడికాయల పెట్టెలు చేయిస్తాడు. మామిడి కట్టెలే పంపాడు — పచ్చివి. అంటుకోవడానికి చాలాసేపు పట్టింది.

మేనత్త సుబ్బరత్నమ్మ అందరి ముందే అంది. "లారీ డ్రైవర్ కూతురివి! కళ్ళు మూసుకుని ఊళ్ళ పేర్లు చెప్పేదానివి. సొంత దారిలో తప్పిపోయావటే?"

కల్యాణి తల వంచుకుంది. అవును. తప్పిపోయాను. గాలివాన కాదు, టవర్లు కాదు. నేనే.

ఎడమ చెయ్యి. ఎడమకి తిరగమన్న చెయ్యి. తనే పడుకోబెట్టింది.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే కారు తాళాలు తీసింది.

"ఎక్కడ తప్పానో చూడాలండీ."

"వద్దు కల్యాణీ..."

"చూడాలి."

భరత్ పక్కన కూర్చున్నాడు. అలవాటుగా ఫోన్‌లో మ్యాప్ పెట్టాడు. పక్క వీధికైనా ఫోన్‌నే అడిగే మనిషి. 'మీకు చెట్లు చెప్తాయి, నాకు ఫోన్‌లో ఆవిడ చెప్పుద్ది' అని మామగారిని నవ్వించేవాడు. ఈ దారిలో భార్యతో ఎప్పుడూ రాలేదు. మూగమామిడిని పేరుగానే విన్నాడు.

మొదటి పంపుసెట్టు.

రెండోది.

"ఎడమవైపు తిరగండి," అంది ఫోన్.

కల్యాణి బ్రేకు వేసింది.

కంచె పక్కన కొత్త ఎర్రమట్టి. గుండ్రంగా, చదునుగా. చెట్టంత ఖాళీ. సున్నం కొట్టిన మొద్దు లేదు. వేరు కూడా లేదు.

ఆమె దిగింది. భరత్ దిగాడు. ఆ మట్టిని చూశాడు. ఇంక కదల్లేదు.

తోట కాపలా నారాయణరావు కర్ర పుచ్చుకుని వచ్చాడు.

"ఇక్కడుండే చెట్టేదండీ?"

"కాయని చెట్టు, ట్రాక్టరుకి అడ్డమని మా ఆసామి అమ్మేశాడమ్మా. ఆ గాలివాన మర్నాడు పొద్దున్నే కొట్టేశారు. మొద్దు ఉంచండి బాబూ, పదిమందికి గుర్తు అన్నాను. వింటేనా! జేసీబీతో వేరు కూడా లాగించారు."

ఆ మర్నాడే... ఆమె మధ్యాహ్నం ఇటు వచ్చింది.

"ఎవరు?"

నారాయణరావు జవాబు చెప్పబోయాడు. భరత్‌ని చూశాడు. గుర్తుపట్టాడు. నేల చూపులు చూశాడు.

"పేరు చెప్పండి," అంది కల్యాణి.

తోటలో గాలి కదిలింది. భరత్ చొక్కా కదిలింది. అతని ఎడమ చెయ్యి లేచింది... ఆమె దాకా రాలేక ఆగిపోయింది.

"నేనే, కల్యాణీ." మళ్ళీ గట్టిగా అన్నాడు. "భరత్. నేనే కొట్టించాను."

సొన వాసన.