పెద్ద హాల్లో చదివిన పిల్ల

ఆసుపత్రి బట్టలుతికే చోట ఆవిణ్ణి అందరూ తోకమ్మ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే గానీ, పిలిచి పిలిచి అందులో ఎగతాళి అరిగిపోయింది. ఎవరేం మాట్లాడినా చివరి ముక్క అందుకుని వాళ్లతో పాటు అనడం ఆవిడ అలవాటు. "ఇవాళ ఎండ మాడ్చి..." అని ఒకరు మొదలుపెడితే "చంపేస్తోంది" దగ్గర ఈవిడ గొంతు కలుస్తుంది. తనంతట తాను మాట మొదలుపెట్టగా విన్నవాళ్లు లేరు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఆవిడా చెల్లెలూ కవలలు. ఒకే ముఖం, ఒకే పొడుగు జడలు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ల ఒళ్లూ కాలాల్సిందే. బళ్లో వేసిన ఏడాదే, పిల్లలు మరీ ఎక్కువైపోయారని, సామాన్లున్న చిన్న గది ఖాళీ చేయించి కొంతమందిని అందులోకి మార్చారు. కవలలు ఒకచోటుంటే కబుర్లే తప్ప చదువుండదని చెల్లెల్ని అటు పంపారు. చెల్లెల్నే ఎందుకంటే, ఆ పూట గుమ్మానికి దగ్గరగా నిలబడింది గనక. అంతకుమించి కారణమేమీ లేదు, తల్లీ!

చిన్న గదిలో పట్టుమని పదిహేనుమంది లేరు. పంతులమ్మ రోజూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి లేపి అడిగేది. పెద్ద హాల్లోనేమో ఇసకేస్తే రాలనంతమంది. అక్కడ పాఠమంటే అందరూ కలిసి అరవడమే. వెనక కూర్చున్న అక్కకి ప్రశ్న వినపడేది కాదు. ముందు వరుసల అరుపులో చివరి ముక్క మాత్రం అందేది. దాన్ని పట్టుకుని గట్టిగా అరిస్తే పాఠం వచ్చినట్టే లెక్క. అలా కొన్నేళ్లు నెట్టుకొచ్చింది. పై తరగతిలో ఒంటరిగా లేపి అడిగేసరికి నోరు పెగల్లేదు. చదువు అక్కడితో సరి. చెల్లెలు మాత్రం చదివి చదివి బ్యాంకులో పెద్ద కుర్చీ ఎక్కింది.

ఇప్పుడు ఉతుకుడు విభాగం సూపర్‌వైజరమ్మ మానేసింది. ఆ పని దొరికితే తోకమ్మకి తడి దుప్పట్లు ఎత్తే బాధ తప్పుతుంది. ఒక భుజం అరిగిపోయింది, ఇంక బరువులు మోయొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మేనేజరుకీ ఆవిడంటే మంచి అభిప్రాయమే.

"రేపు పొద్దున నా గదికి రండమ్మా. పని ఎలా నడిపిస్తారో నాలుగు ముక్కలు చెప్తే చాలు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది.

"దీనికింత భయమెందుకే అక్కా, నేను నేర్పిస్తాగా. 'ముందు వార్డులవారీగా విడదీయాలండీ.' ఊఁ, అను."

"...దీయాలండీ."

"మొత్తం అనవే!"

"...అనవే."

చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క నవ్వలేదు. చెల్లెలి నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"మీ హాల్లో నిన్నెప్పుడూ లేపి అడగలేదా?"

అక్క తల అడ్డంగా ఊపింది.

"నీకు సిగ్గెక్కువనుకున్నానే ఇన్నాళ్లూ" అంది చెల్లెలు. ఇంకేదో అనబోయింది. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ పక్కగదిలోకి వెళ్లింది, ఎంతకీ రాలేదు. అక్క కాసేపు కూర్చుని, చెప్పులేసుకుని వచ్చేసింది.

మర్నాడు మేనేజరు గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"చెప్పండమ్మా" అన్నాడాయన.

ఎవరో మొదలుపెడతారని ఆవిడ ఎదురుచూసింది. పక్క కుర్చీ ఖాళీ. ఆయన పాపం చాలాసేపు ఓపిక పట్టాడు.

"మరీ ఇంత మొహమాటమైతే ఎలాగమ్మా?"

"...ఎలాగమ్మా" అంది ఆవిడ కూడా, ఆయన గొంతుతో కలిపి.

ఆ పని, బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. మంచి పిల్లే, గలగలా మాట్లాడుతుంది.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక తోకమ్మ ఒక్కతే మిగిలింది. ఆగిపోయిన యంత్రాల గుండ్రటి అద్దాల తలుపులు వరసగా, నోళ్లు మూసుకుని కూర్చున్న పిల్లల్లా ఉన్నాయి. ఆవిడ వాటి ముందు నిలబడి చీర కొంగు సర్దుకుంది.

"ముందు వార్డులవారీగా విడదీయాలండీ. రక్తం మరకలున్నవి చల్లనీళ్లలో వేయాలి. జ్వరం వార్డువి దేంతోనూ కలపకూడదు."

ఎక్కడా ఆగలేదు. చివరి ముక్క దగ్గర అలవాటుగా చెవి రిక్కించింది. అందుకునేవాళ్లెవరూ లేరు.

తడి దుప్పట్ల బుట్ట బాగున్న భుజం మీదికి ఎత్తుకుని, దీపం ఆర్పింది.